ఖోకాలో ఎన్ని పడతాయి? కాగితం మీది లెక్క, చేతిలోని సరుకు

“ముప్పై పట్టే ఖోకాలో ఇరవై నాలుగే ఉన్నయి. మిగతా ఆరు ఎక్కడ పోయినయి మావశీ?”

చాలా ఏళ్ల కిందట మా వదినను ఒక మునీమ్ అడిగిన మాట ఇది. మావశీ అని మర్యాదగానే పిలిచాడు. కానీ ఆ ప్రశ్నలో దాగి ఉన్న మాట ‘దొంగ’ అని. నెల పగార్ ఆపేశారు. వదిన ఆ రాత్రి అన్నం తినలేదు.

నేను గోదాం పనిలో నెత్తి నెరిసినవాణ్ణి. ఖోకాలు నింపడం, ఎత్తడం, టెంపోలో పేర్చడం, ఇదే నా బతుకు. పెద్ద చదువు లేదు. కానీ ఒక డబ్బాలో ఎన్ని వస్తువులు పడతాయన్న లెక్క మన ఇళ్లలో పగార్‌కీ, పరువుకీ ఎట్లా ముడిపడి ఉంటుందో చూశాను. ఈ నెల ఆ సంగతే చెబుతాను. మన పిల్లలు మరాఠీ బడిలో దీన్ని ‘ఘనఫళ’ అని చదువుతారు. తెలుగు పుస్తకాల్లో ‘ఘనపరిమాణం’ అంటారు. మన నోట అయితే ‘లోపలి జాగా’, అంతే.

వదిన కథ

వదిన పని చేసే కార్ఖానాలో వైండింగ్ ఒక షెడ్డులో, మగ్గాలు ఊరికి ఆ చివర ఇంకో షెడ్డులో. వైండింగ్ అయిన కోన్లను ఖోకాల్లో నింపి, పట్టీ కట్టి పంపడం వదిన పని. ఖోకాకు ఇంత అని కూలి. కొత్త ఖోకాలు వచ్చిన నెలలోనే కొత్త మునీమ్ కూడా వచ్చాడు. చదువుకున్న పిల్లవాడు, చెడ్డవాడేం కాదు. టేపు పెట్టి ఖోకా కొలిచాడు. లోపల పొడవు 80 సెంటీమీటర్లు, వెడల్పు 60, ఎత్తు 34. మూడూ గుణిస్తే 1,63,200 ఘన సెంటీమీటర్లు.

తర్వాత కోన్ కొలిచాడు. అడుగున అడ్డం 20 సెంటీమీటర్లు, ఎత్తు 17. కొంచెం వాలు ఉన్నా, స్తంభం లెక్కన వేసుకున్నాడు. వ్యాసార్థం 10 కనుక 3.14 × 10 × 10 × 17 = 5,338 ఘన సెంటీమీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 30.57. “ఒక ఖోకాకు 30 కోన్లు” అని పుస్తకంలో రాసేశాడు.

గేటు దగ్గర ఖోకాలే లెక్కపెట్టేవాళ్లు, కోన్లు లెక్కపెట్టేవాళ్లు కాదు. అవతల మగ్గాల షెడ్డులో మాత్రం విప్పి కోన్లు లెక్కపెట్టి రాసేవాళ్లు. నెలాఖరుకు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టారు. వదిన నింపిన 20 ఖోకాలకు ఇక్కడ 600 కోన్లు, అక్కడ 480. తేడా 120. ఒక్కో కోన్ 1.89 కిలోల నూలు. అంటే 226 కిలోలకు పైగా నూలు మాయం! ఇంకేముంది, నింపిన మనిషి మీద పడింది అనుమానం.

మరునాడు వదిన పోయి ఒక్కటే మాట అడిగింది. “సాహెబ్, నాకు లెక్కలు రావు. ఒక ఖోకా మీ చేతులతోనే నింపి చూపించండి. ముప్పై పట్టినయంటే నా పగార్ వద్దు, పని కూడా వద్దు.”

మునీమ్ నింపాడు. పొడవు వెంట 4 కోన్లు. అట్లాంటివి 3 వరసలు. కింది అర 12. దాని మీద ఇంకో అర 12. పైకి చూస్తే ఖోకా అంచు సమానం. ఇరవై ఐదో కోన్ చేతిలోనే మిగిలింది. పడుకోబెట్టి చూశాడు, మూత పడలేదు. మధ్యలో దూర్చి చూశాడు, దూరలేదు. నాలుగు కోన్ల నడుమ ఖాళీ ఉంది, కంటికి కనబడుతూనే ఉంది. కానీ ఆ సందులో పిడికిలి పడుతుందేమో గానీ కోన్ పడదు.

వారానికి పగార్ వచ్చింది. ‘తప్పయింది’ అన్న మాట మాత్రం రాలేదు. వదిన దాన్ని అడగనూ లేదు.

మునీమ్ లెక్క ఎక్కడ జారింది?

గుణకారం తప్పు లేదు, భాగహారం తప్పు లేదు. పిల్లలు కావాలంటే మళ్లీ వేసి చూడండి, 30.57 వస్తుంది. జారింది ఎక్కడంటే, ఆ భాగహారం చెప్పేది ఒకటి, అతను అనుకున్నది ఇంకొకటి.

జాగాను జాగాతో భాగిస్తే వచ్చేది, ‘ఇంతకంటే ఎక్కువ పట్టనే పట్టవు’ అన్న హద్దు. ‘ఇన్ని పడతాయి’ అన్న మాట కాదు. ఖోకాలో 31 కోన్లు ఉన్నాయని ఎవరైనా అంటే, విప్పకుండానే అబద్ధమని చెప్పొచ్చు. అందుకు ఆ లెక్క పనికొస్తుంది. కానీ 30 ఎందుకు లేవని అడగడానికి పనికిరాదు.

గుండ్రటి కోన్ నిలబడాలంటే దానికి చదరపు జాగా కావాలి. 20 అడ్డం ఉన్న కోన్‌కు 20 × 20 చదరం, అంటే 400. కోన్ అడుగు కప్పేది 314. మిగతా 86 మూలల్లో వట్టిగా ఉంటుంది. నూటికి 78.5 వంతులు సరుకు, 21.5 వంతులు గాలి. 30.57లో నూటికి 78.5 వంతులు తీస్తే ఎంత? సరిగ్గా 24. వదిన నింపినవి అన్నే.

నూలు వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఈ 24 కొత్తదేం కాదు. 1.89 కిలోల కోన్లు 24 కలిస్తే 45.36 కిలోలు, పాత లెక్కలో 100 పౌండ్లు. గోదాముల్లో చేయి తిరిగిన హమాలీకి ఇది నోటికి వచ్చు. ఆ రోజు ఒక్కసారి ఖోకాను కాంటా మీద పెట్టినా గొడవ పావుగంటలో తీరేది. ఎవరికీ తోచలేదు. పుస్తకంలో రాసింది నిజం, మనిషి చెప్పింది అనుమానం, ఇది పాత అలవాటు.

నీళ్లకు మాత్రం ఆ లెక్కే సరి

అట్లాగని జాగా లెక్క పనికిరానిదనుకోకండి. నీళ్లకు అది నూటికి నూరు పాళ్లు సరిపోతుంది. నీళ్లకు సొంత ఆకారం లేదు, ఏ గిన్నెలో పోస్తే ఆ గిన్నె ఆకారం. సందుల్లో గాలి మిగలదు.

మన వాడల్లో నల్లా రోజూ రాదు కదా. వాడలో నలుగురికీ కలిపి ఒక సిమెంటు టాకీ ఉందనుకుందాం. లోపల పొడవు 4 అడుగులు, వెడల్పు 3, లోతు 3. గుణిస్తే 36 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగు జాగాలో సుమారు 28.3 లీటర్ల నీళ్లు పడతాయి. 36 × 28.3 అంటే సుమారు 1,019 లీటర్లు. 15 లీటర్ల బిందెలైతే 67 బిందెలు, ఇంకొంచెం అడుగున. నాలుగిళ్లకు పంచితే ఇంటికి 16 బిందెలు, పైన మిగిలిన మూడింటికి మాత్రమే పంచాయితీ. టాకీ అంచు దాకా నిండదు కాబట్టి, లోతు కొలిచేటప్పుడు నీళ్లు నిలిచే గీత దాకానే కొలవాలి. ఈ లెక్క ఒక్కసారి వేసి గోడ మీద సున్నంతో రాసి పెడితే, తెల్లారుజామున బిందెల కాడ గొంతులు లేవవు.

పదో తరగతి పిల్లల ‘మహత్త్వమాపన’ పాఠంలో ఇంకో తీరు లెక్కలు ఉంటాయి. ఒక లోహపు దిమ్మెను కరిగించి చిన్న గోళీలు పోస్తే ఎన్ని వస్తాయి అని. అక్కడ కూడా భాగహారమే జవాబు. కరిగిన లోహం నీళ్లలాంటిదే కదా, సందు మిగలదు. మా ముసలివాళ్లు పిల్లలకు చెప్పాల్సిన మాట ఒకటుంది. కరిగించి పోసేదైతే భాగించు. ఉన్నదాన్ని ఉన్నట్టు పేర్చేదైతే ఆగు, పేర్చి చూడు. పుస్తకంలో ఈ రెండు లెక్కలూ ఒకే తీరుగా కనబడతాయి, కానీ రెండూ ఒకటి కాదు.

పెట్టెల్లో పెట్టెలు: టెంపో కాడ జరిగిన సంగతి

గుండ్రటి సరుకు కాకుండా, మూలలు ఉన్న పెట్టెలైతే? పెట్టెకు పెట్టె ఆనుకుంటుంది, సందు ఉండదు కదా అనిపిస్తుంది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది.

ఒకసారి టవళ్ల పెట్టెలు ట్రాన్స్‌పోర్టుకు పంపాలి. పెట్టె పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు 2, ఎత్తు ఒకటిన్నర. జాగా ఏడున్నర ఘనపుటడుగులు. మూసిన బాడీ ఉన్న టెంపో, లోపల 8 అడుగుల పొడవు, 5 వెడల్పు, 6 ఎత్తు. కొలతకు పైన రెండేసి వేళ్ల వదులు కూడా ఉంది. 8 × 5 × 6 = 240. దాన్ని ఏడున్నరతో భాగిస్తే 32. ఆఫీసులో 32 పెట్టెలకు ఒకే ట్రిప్పు అని చీటీ రాశారు.

మేము పెట్టెలు పొడవుగా పేర్చాం. టెంపో పొడవు వెంట పెట్టె పొడవు, అదే సహజంగా చేతికి వస్తుంది. 8 అడుగుల్లో రెండున్నర అడుగులవి 3. వెడల్పు 5లో రెండడుగులవి 2. ఎత్తు 6లో ఒకటిన్నరవి 4. మూడు రెళ్లు ఆరు, ఆరు నాళ్లు ఇరవై నాలుగు. టెంపో నిండింది, ఎనిమిది పెట్టెలు కింద మిగిలాయి. రెండో ట్రిప్పు కిరాయి హమాలీల కూలిలోంచి కోస్తామన్నారు. మేము ‘టెంపో చిన్నది, మీ చీటీ తప్పు’ అన్నాం. నాకైతే వదిన సంగతి గుర్తుంది కదా, గొంతు పెంచాను కూడా.

మాలో ఒక పెద్ద హమాలీ ఉండేవాడు. మేమంతా మామా అని పిలిచేవాళ్లం. ఆయన లోపలికి తొంగి చూసి, “ఆ పక్కన అడుగు జాగా వట్టిగ ఉన్నది గదరా. పెట్టెను అడ్డం తిప్పి చూడుండ్రి” అన్నాడు.

తిప్పాం. ఇప్పుడు టెంపో పొడవు 8 వెంట పెట్టె వెడల్పు 2, అంటే 4 పెట్టెలు. టెంపో వెడల్పు 5 వెంట పెట్టె పొడవు రెండున్నర, అంటే 2. ఎత్తున 4. నాలుగు రెళ్లు ఎనిమిది, ఎనిమిది నాళ్లు ముప్పై రెండు. అన్నీ పట్టాయి. అదే టెంపో, అవే పెట్టెలు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది. హద్దు 32 అని లెక్క చెప్పినప్పుడు, మనకు 24 పడితే, ఊరికే లెక్కను తిట్టొద్దు. ఇంకా జాగా ఎక్కడో ఉందని అది చెబుతోంది. పొడవు, వెడల్పు, ఎత్తు మార్చి మార్చి తిప్పి చూడాలి. ఒక పెట్టెను ఆరు తీర్లుగా నిలబెట్టొచ్చు. ప్రతి తీరుకూ ఇటు ఎన్ని, అటు ఎన్ని, పైకి ఎన్ని అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే చాలు. మిగిలిన ముక్కలు పారేయాలి. 3.2 వస్తే 3 అనే లెక్క, పెట్టెను కోసి పెట్టలేం కాబట్టి. ఒక తీరుగా పేర్చినాక పక్కన వెడల్పైన పట్టీ మిగిలితే, అందులో కొన్ని పెట్టెలు ఇంకో తీరుగా పట్టవచ్చు, అదీ చూడాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. కొలత ఎప్పుడూ లోపలి వైపు తీయాలి. అట్ట మందం కూడా జాగా తింటుంది. రెండోది బరువు. టవళ్ల పెట్టె తేలిక. అదే నూలు ఖోకాలు 32 అయితే నూలే 1,451 కిలోలు దాటుతుంది. జాగా ఉంది కదా అని ఎక్కిస్తే చిన్న టెంపో కమాన్ వంగుతుంది, కింది ఖోకాలు అణుగుతాయి. జాగా ఇచ్చే జవాబు వేరు, బరువు ఇచ్చే జవాబు వేరు. రెండింట్లో ఏది తక్కువైతే అదే మన జవాబు.

బీడీ కట్ట చెప్పే పాఠం

మళ్లీ గుండ్రటి సరుకు దగ్గరికి వద్దాం. కోన్లను నిలువుగా, అడ్డంగా సమానంగా పెడితే నూటికి 78 వంతులే నిండుతుంది. ఇంతకంటే దగ్గరగా పెట్టే ఉపాయం లేదా? ఉంది. అది మన ఆడవాళ్ల చేతుల్లో రోజూ జరుగుతూనే ఉంటుంది.

ఒక బీడీ కట్టను ఎదురుగా పట్టుకుని చూడండి. కట్టలో 25 బీడీలు. మధ్యలో ఉన్న ఒక బీడీ చుట్టూ ఎన్ని ఉన్నాయి? ఆరు. ఒకే లావు ఉన్న గుండ్రటివాటిని దగ్గరికి నొక్కితే, ఒకదాని చుట్టూ సరిగ్గా ఆరే ఆనుకుంటాయి. ఐదైతే వదులు, ఏడు పట్టవు. దారం బిగించగానే ఒక వరస బీడీలు కింది వరస సందుల్లోకి జారుకుంటాయి. ఇట్లా సందులో కూర్చోబెడితే నూటికి 90 వంతుల దాకా నిండుతుంది. గుండ్రటివాటిని నిలబెట్టి పేర్చడంలో ఇంతకు మించిన తీరు లేదు.

మరి వదిన ఖోకాలో కోన్లు ఇట్లా సందుల్లో పెడితే? మేము తర్వాత పెట్టి చూశాం. మొదటి వరస 4, రెండో వరస సందుల్లోకి జరిగితే 3, మూడోది 4. మొత్తం 11! తిన్నగా పెడితే 12 వచ్చే చోట 11 వచ్చాయి. వరసలు దగ్గరికి జరిగినా, మిగిలిన ఆ కొంచెం జాగా నాలుగో వరసకు చాలదు. పైగా నడిమి వరసలో ఒకటి పోయింది. కోన్‌కు వాలు ఉంది కదా, ఒకటి తిన్నగా ఒకటి తలకిందులుగా పెట్టినా చూశాం. కొంచెం వదులయ్యింది కానీ ఇంకో కోన్‌కు చోటు రాలేదు.

అదే పెద్ద జాగా అయితే సంగతి మారుతుంది. గోదాంలో 2 మీటర్ల చదరపు జాగాలో 20 సెంటీమీటర్ల కోన్లు తిన్నగా నిలబెడితే పదిపదుల వంద. సందుల్లో పెడితే 11 వరసలు పడతాయి. 10, 9, మళ్లీ 10, 9, ఇట్లా. మొత్తం 105. చిన్న పెట్టెలో నష్టం తెచ్చిన ఉపాయం పెద్ద జాగాలో లాభం తెచ్చింది. అందుకే ‘నూటికి ఇంత నిండుతుంది’ అన్న మాట పెద్ద జాగాలకు బాగా నప్పుతుంది. చిన్న డబ్బాలకు మాత్రం చేత్తో పెట్టి చూడాల్సిందే.

లడ్డూలు, మోసంబీలు

బంతిలాంటి సరుకుకు ఖాళీ ఇంకా ఎక్కువ. ఒక ఏడు మన మార్కండేయ రథోత్సవానికి మా గల్లీ తరఫున 1,000 లడ్డూలు చేశాం. లడ్డూ అడ్డం 5 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల చదరపు డబ్బాలు, ఎత్తు కూడా 30. మా పిల్లవాడు లెక్క వేశాడు. లడ్డూకు 65.4 ఘన సెంటీమీటర్లు, డబ్బాకు 27,000. భాగిస్తే 412. “వెయ్యికి మూడు డబ్బాలు చాలు తాతా” అన్నాడు. మూడే తెచ్చాం.

పేర్చితే ఒక అరకు ఆరారుల 36. అట్లాంటివి ఆరు అరలు, 216. డబ్బా నిండిపోయింది. వెయ్యికి ఐదు డబ్బాలు కావాల్సి వచ్చింది. రాత్రి పది గంటలకు పక్కింటి వాళ్ల తలుపు కొట్టి రెండు డబ్బాలు తెచ్చుకున్నాం. పిల్లవాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అప్పుడు వాడికి వదిన కథ చెప్పాను.

బంతులను ఇట్లా తిన్నగా, ఒకదాని నెత్తిన ఒకటి పెడితే నూటికి 52 వంతులే నిండుతుంది. సగానికి సగం గాలి. ఊరికే పోసి కుదిపితే 64 వంతుల దాకా వస్తుంది. చిన్న డబ్బాలో గోడల పక్కన ఖాళీ ఎక్కువ కాబట్టి ఇంకా తగ్గుతుంది. అన్నిటికంటే దగ్గరగా పేర్చే తీరు బజారులో మోసంబీలు అమ్మేవాళ్లకు తెలుసు. కింది వరస సందుల్లో పై వరస కూర్చోబెడుతూ గోపురంలా పేరుస్తారు. అట్లా చేస్తే 74 వంతులు నిండుతుంది.

దీనికంటే మంచి తీరు ఉండదని 1611లో కెప్లర్ అనే జర్మనీ ఖగోళ శాస్త్రవేత్త రాశాడు. నిజమేనని అందరికీ తోచింది, కానీ రుజువు దొరకలేదు. 1998లో థామస్ హేల్స్ అనే అమెరికా గణితజ్ఞుడు కంప్యూటర్ సాయంతో రుజువు రాశాడు. ఆ రుజువును అడుగడుగూ కంప్యూటర్‌తో సరిచూసే పని 2014కు గానీ పూర్తికాలేదు. పండ్ల బండి మీద కనబడే సంగతికి నాలుగు వందల ఏళ్లు పట్టింది! కాబట్టి లెక్క రాలేదని ఎవరూ చిన్నబోవద్దు.

కుంచం తట్టి కొలవాలా?

గింజలకు నీళ్లంత మంచితనం లేదు, కోన్లంత మొండితనం లేదు. మన పెద్దలు ఊళ్లలో ధాన్యాన్ని జాగాతోనే కొలిచేవాళ్లు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. కూలి గింజలు కొలిచేటప్పుడు గొడవ ఎక్కడ వచ్చేది? వదులుగా పోసిన కుంచం వేరు, తట్టి కుదిపి నింపిన కుంచం వేరు. పైన గోపురంగా పోసిన కుంచం ఇంకా వేరు. అప్పు ఇచ్చేటప్పుడు వదులుగా, తీసుకునేటప్పుడు తట్టి కొలిచే ఆసాముల కథలు మా నాయనమ్మ చెప్పేది. కుంచం మారలేదు, గింజల నడుమ గాలి మారింది. 1958 అక్టోబర్ నుంచి దేశంలో కిలో తూకాలు రావడం మొదలైంది. తూకంలో గాలికి బరువు లేదు కాబట్టి ఆ మాయ తగ్గింది.

ఇంట్లో చేసి చూడండి

పిల్లలున్న ఇంట్లో ఇది పది నిమిషాల పని. ఒక లీటరు పట్టే వెడల్పాటి సీసా తీసుకోండి. దాని నిండా గాజు గోటీలు పోసి కుదపండి. ఇప్పుడు సీసా నిండింది కదా? అందులో కొలిచి నీళ్లు పోయండి. అంచు దాకా రావడానికి సుమారు 400 మిల్లీలీటర్లు పడతాయి. నిండిందనుకున్న సీసాలో ఇంకా ఐదింట రెండు వంతుల జాగా! ఆ నీళ్లు దాక్కున్న చోటే వదిన 6 కోన్లు ‘పోయిన’ చోటు.

ఒక లెక్క కూడా ఇస్తాను. ఖోకా లోపల 50 × 40 × 30 సెంటీమీటర్లు. నాప్‌కిన్ల కట్ట 20 × 15 × 10. జాగా లెక్కన 60,000ను 3,000తో భాగిస్తే 20. నిజంగా 20 పడతాయా? కట్ట పొడవును ఖోకా పొడవు వెంట పెడితే 2, 2, 3, మొత్తం 12 మాత్రమే. తిప్పండి. కట్టలో 10ని ఖోకా 50 వెంట, 20ని 40 వెంట, 15ను 30 వెంట పెడితే? ఐదు రెళ్లు పది, పది రెళ్లు ఇరవై. అగ్గిపెట్టెలతో పిల్లలు ఇట్లాంటివి ఎన్నో కట్టి చూడొచ్చు.

పని చోట గుర్తుంచుకోవాల్సినవి

ఖోకా లెక్కన, డబ్బా లెక్కన, ట్రిప్పు లెక్కన కూలి తీసుకునే అక్కచెల్లెళ్లు, తమ్ముళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం నాలుగు మాటలు.

కొత్త సైజు ఖోకా వచ్చిన రోజే, ఎన్ని పడతాయో రాసే మనిషి ముందు ఒకటి నింపి చూపించండి. ఆ అంకెనే పుస్తకంలో రాయమనండి.

‘ఖోకా ఇంత పెద్దదైంది, కాబట్టి ఇన్ని ఎక్కువ పట్టాలి’ అని ఎవరైనా అంటే, సరుకు గుండ్రటిదా, మూలలున్నదా అని ముందు చూడండి. గుండ్రటిదైతే జాగా లెక్క ఎప్పుడూ ఎక్కువే చెబుతుంది.

మీరు నింపినవి మీరు కూడా ఒక చిన్న చీటీలో రాసుకోండి. ఖోకాల లెక్క కాదు, లోపలి వస్తువుల లెక్క. కాంటా ఉన్న చోట ఒక ఖోకా తూకం కూడా రాసుకోండి.

మనకు తక్కువ పట్టినప్పుడు, ఇంకో తీరుగా తిప్పి చూసిన తర్వాతే ‘పట్టవు’ అని చెప్పండి. మామ చెప్పిన మాట అది. మన మాటకు విలువ అట్లాగే వస్తుంది.

వదినకు ఇప్పుడు చూపు ఆనదు, పని మానేసి చాలా ఏళ్లయింది. మొన్న మనవరాలు లెక్కల పుస్తకం తెచ్చి, డబ్బాలో బంతులు ఎన్ని పడతాయో చెప్పు నానమ్మా అని అడిగింది. వదిన పుస్తకం చూడలేదు. “డబ్బా ఏది, బంతులు ఏవి? ఇటు తే. నింపి చూద్దాం” అంది.